చోటు మారిన ఫిల్టర్: డాక్‌ల చరిత్రలో ఓవర్‌శాంప్లింగ్ నుంచి కంప్యూటర్ అప్‌శాంప్లింగ్ దాకా

డిజిటల్ రికార్డింగులో సంగీతమంతా అంకెల వరుసే. కాంపాక్ట్ డిస్క్ మీద ఒక్కో చానల్‌కు సెకనుకు 44,100 అంకెలుంటాయి. ఒక్కో అంకెకు 16 బిట్లు. ఆ అంకెలను తిరిగి విద్యుత్ తరంగంగా మార్చే పరికరం డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. హై-ఫై ప్రియులు దాన్ని క్లుప్తంగా డాక్ అంటారు. అంకెను వోల్టేజిగా మార్చినంత మాత్రాన డాక్ పని పూర్తికాదు. ఒక అంకెకూ తర్వాతి అంకెకూ నడుమ తరంగం ఏ దారిన సాగాలో కూడా తేలాలి. అది తేల్చేది ఫిల్టర్. గత నాలుగు దశాబ్దాల డాక్‌ల చరిత్రలో పెద్ద మలుపులు చాలావరకు ఈ ఫిల్టర్ ఎక్కడ ఉండాలన్న ప్రశ్న చుట్టూ తిరిగినవే. మొదట అది కాయిల్స్, కెపాసిటర్ల రూపంలో ఉండేది. తర్వాత చిప్‌లోకి, అక్కడి నుంచి విడి పెట్టెలోకి, చివరికి ఇంట్లోని కంప్యూటర్‌లోకి చేరింది.

సిద్ధాంతం వేసిన పునాది

దీని వెనక ఉన్న గణితం సీడీ కంటే చాలా పాతది. ఏటీ అండ్ టీకి చెందిన హారీ నైక్విస్ట్ 1928లో టెలిగ్రాఫ్ సంకేతాల మీద రాసిన పత్రంలో దాని మూలాలున్నాయి. 1933లో సోవియట్ ఇంజినీరు వ్లదీమిర్ కొతెల్నికోవ్, 1949లో క్లాడ్ షానన్ దానికి స్పష్టమైన రూపమిచ్చారు. ఒక తరంగంలోని అత్యధిక ఫ్రీక్వెన్సీ శాంప్లింగ్ రేటులో సగం కంటే తక్కువగా ఉంటే, ఆ శాంపిళ్ల నుంచి అసలు తరంగాన్ని ఏ లోటూ లేకుండా తిరిగి రాబట్టవచ్చన్నది దాని సారాంశం.

అయితే ఇందుకు ఒక షరతుంది. శాంపిళ్లను ఉన్నవి ఉన్నట్టుగా వోల్టేజిగా మారిస్తే అసలు స్వరంతో పాటు దాని ప్రతిబింబాలు కూడా వస్తాయి. 44.1 కిలోహెర్ట్జ్ రేటు వద్ద 1 కిలోహెర్ట్జ్ స్వరానికి 43.1, 45.1, 87.2, 89.2 కిలోహెర్ట్జ్‌ల దగ్గర నకళ్లు పుడతాయి. వాటిని చెవి నేరుగా వినలేదు. కానీ అవి యాంప్లిఫయర్‌లోకి వెళ్లి ఒకదానితో ఒకటి కలిస్తే, ఆ కలయికలో పుట్టిన వక్రత వినబడే పరిధిలోకే దిగివస్తుంది. అందుకే సగం రేటుకు పైనున్నదంతా తొలగించాలి, కిందనున్నదాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఇది పరిపూర్ణంగా చేయాలంటే రెండు వైపులా అనంతంగా సాగే ఫిల్టర్ కావాలి. అలాంటిది ఎవరూ కట్టలేరు. కాబట్టి తయారైన ప్రతి ఫిల్టరూ ఏదో ఒక రాజీయే.

సీడీ విషయంలో ఆ రాజీకి చోటు మరీ తక్కువ. 44.1 కిలోహెర్ట్జ్ రేటు వినికిడి పరిశోధన నుంచి మాత్రమే వచ్చింది కాదు. తొలినాళ్లలో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు యంత్రాల మీద నమోదు చేసేవారు. ఒక్కో వీడియో గీతలో మూడు శాంపిళ్ల చొప్పున, సెకనుకు 60 ఫీల్డులు, ఫీల్డుకు 245 గీతలు వాడుకుంటే 44,100 వస్తుంది. ఐరోపా పద్ధతిలో 50 ఫీల్డులు, 294 గీతలు లెక్కగట్టినా అదే సంఖ్య. ఆ రేటు వద్ద 20 కిలోహెర్ట్జ్ స్వరానికి తొలి ప్రతిబింబం 24.1 కిలోహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. మొదటిదాన్ని పూర్తిగా ఉంచి రెండోదాన్ని పూర్తిగా తీసేయడానికి మిగిలిన జాగా 4.1 కిలోహెర్ట్జ్ మాత్రమే.

1982: రెండు కంపెనీలు, రెండు దారులు

1979లో ఫిలిప్స్, సోనీ కలిసి సీడీ ప్రమాణాన్ని రూపొందించడానికి కూర్చున్నప్పుడు బిట్ల సంఖ్య దగ్గర తేడా వచ్చింది. ఫిలిప్స్ చేతిలో అప్పటికే 14 బిట్ల డాక్ సిద్ధమవుతోంది. సోనీ 16 బిట్లు ఉండాల్సిందేనని పట్టుబట్టింది. చివరికి 16 బిట్లే ఖరారయ్యాయి. దాంతో ఫిలిప్స్ ఇంజినీర్ల ముందు ఒక చిక్కు సమస్య మిగిలింది: 14 బిట్ల చిప్‌తో 16 బిట్ల సంగీతాన్ని ఎలా వినిపించాలి?

1982 అక్టోబరు 1న జపాన్‌లో అమ్మకానికి వచ్చిన సోనీ సీడీపీ-101 సూటిదారి పట్టింది. అందులో ఒకే 16 బిట్ల డాక్ రెండు చానళ్లకూ వంతులవారీగా పనిచేసేది. దాని వెనక ప్రతిబింబాలను కోసేయడానికి నిట్టనిలువు గోడలాంటి అనలాగ్ ఫిల్టర్లు ఉండేవి. ఇంత ఏటవాలుగా కోసే అనలాగ్ ఫిల్టర్‌లో ఎన్నో అంచెలుండాలి, భాగాలన్నీ కచ్చితమైన విలువలతో ఉండాలి. అన్నీ సరిగ్గా కుదిరినా, పై ఫ్రీక్వెన్సీలు కింది ఫ్రీక్వెన్సీల కంటే కాస్త ఆలస్యంగా బయటికొస్తాయి. ఇంజినీర్లు దీన్నే ఫేజ్ దోషం అంటారు.

ఫిలిప్స్ వేరే దారి వెతికింది. దాని తొలి ప్లేయర్ సీడీ100లో టీడీఏ1540 అనే 14 బిట్ల డాక్‌కు ముందు ఎస్‌ఏఏ7030 అనే డిజిటల్ ఫిల్టర్ చిప్ కూర్చుంది. అది చేసే పని కాగితం మీద చూస్తే సులువుగానే అర్థమవుతుంది. డిస్క్ నుంచి వచ్చే ప్రతి శాంపిల్ తర్వాత మూడు సున్నాలు చేరుస్తారు. సెకనుకు 44,100 ఉన్న వరుస 1,76,400 అవుతుంది. ఈ వరుస 96 గుణకాలున్న ఫిల్టర్ గుండా సాగుతుంది. ప్రతి గుణకాన్నీ ఒక శాంపిల్‌తో గుణించి, వచ్చినవన్నీ కూడితే ఒక కొత్త విలువ వస్తుంది. నాలుగింట మూడు సున్నాలే కాబట్టి నిజంగా చేయాల్సినవి ఒక్కో విలువకు 24 గుణకారాలే. సున్నాలున్న చోట్లన్నీ ఇరుగుపొరుగు శాంపిళ్ల ఆధారంగా లెక్కగట్టిన విలువలతో నిండిపోతాయి. దీన్నే ఓవర్‌శాంప్లింగ్ అన్నారు.

దీనితో రెండు లాభాలు కలిగాయి. మొదటిది, 44.1, 88.2, 132.3 కిలోహెర్ట్జ్‌ల చుట్టూ ఉండే ప్రతిబింబాలు అంకెల దశలోనే పోయాయి. మిగిలిన తొలి ప్రతిబింబం 156 కిలోహెర్ట్జ్‌కు పైన ఎక్కడో ఉంటుంది. దాన్ని తీసేయడానికి మూడంచెల మెత్తని అనలాగ్ ఫిల్టర్ సరిపోయింది. ఫేజ్ దోషం దాదాపు లేకుండా పోయింది. రెండోది, బిట్ల సమస్య తీరింది. ఫిల్టర్ లెక్కలో 14 బిట్లకు కుదించినప్పుడు మిగిలే తేడాను పారేయకుండా తర్వాతి శాంపిల్‌కు కలిపారు. దాంతో కుదింపు వల్ల పుట్టే రొద వినబడే పరిధి నుంచి పై ఫ్రీక్వెన్సీలకు జరిగింది. ఈ నాయిస్ షేపింగ్ ఆలోచనకు బెల్ లాబ్స్‌లో చాపిన్ కట్లర్ 1950లలోనే పేటెంటు కోరాడు. నాలుగు రెట్ల రేటు వల్ల 6 డెసిబెల్స్, నాయిస్ షేపింగ్ వల్ల మరో 7 డెసిబెల్స్ కలిసొచ్చి 14 బిట్ల చిప్ 16 బిట్ల స్థాయికి చేరింది. గోడార్ట్, వాన్ డి ప్లాషే, స్టిక్‌వోర్ట్ అనే ముగ్గురు ఇంజినీర్లు 1982లో ఫిలిప్స్ టెక్నికల్ రివ్యూలో ఈ పద్ధతినంతా వివరించారు.

ఓవర్‌శాంప్లింగ్ విలాసం కోసం పుట్టింది కాదు, లోటును పూడ్చుకోవడానికి పుట్టింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే ప్రత్యర్థులు కూడా అదే దారికి వచ్చారు.

చిప్‌లలో రెట్ల పోటీ

1980ల మధ్యలో ఫిలిప్స్ నుంచి టీడీఏ1541 అనే 16 బిట్ల డాక్, దానికి జోడీగా ఎస్‌ఏఏ7220 ఫిల్టర్ వచ్చాయి. దశాబ్దం చివరికల్లా జపాన్ కంపెనీలు ఎన్‌పీసీ, యమహా, సోనీ ఎనిమిది రెట్ల ఫిల్టర్లు తయారుచేశాయి. ప్లేయర్ల ముందు పలక మీద "8 రెట్లు, 18 బిట్లు" వంటి అంకెలు అమ్మకపు మాటలయ్యాయి. ఫిలిప్స్ బిట్‌స్ట్రీమ్, ఎన్‌టీటీ–మత్సుషితాల మాష్ పద్ధతులు మరింత ముందుకు వెళ్లాయి. రేటును వందల రెట్లు పెంచి, ఒక్క బిట్ లేదా కొద్ది బిట్లతోనే తరంగాన్ని రాబట్టాయి. నేటి డాక్ చిప్‌లలో ఎక్కువ భాగం ఈ డెల్టా-సిగ్మా కుటుంబానివే.

ఫిల్టర్ గుణకాలను ఎంచుకునే విద్య కూడా అప్పటికి బాగా ముదిరింది. రైస్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్క్స్, జేమ్స్ మెక్‌లెల్లన్ 1972లో ప్రచురించిన పద్ధతితో, ఇచ్చిన పొడవులో వీలైనంత మంచి ఫిల్టర్‌ను కంప్యూటరే లెక్కగట్టగలిగింది. అయితే చిప్‌లో చోటు తక్కువ, గుణకారాలకు సమయం తక్కువ. పని తగ్గించుకోవడానికి తయారీదారులు హాఫ్‌బ్యాండ్ ఫిల్టర్లను ఎంచుకున్నారు. వీటి గుణకాలలో దాదాపు సగం సున్నాలే. దానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, 22.05 కిలోహెర్ట్జ్ దగ్గర ఇవి 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గిస్తాయి. అంటే సిద్ధాంతం పూర్తిగా కోయమన్న చోట తరంగంలో సగం మిగిలిపోతుంది. ఇలాంటి రాజీలే తర్వాతి తరం ప్రయోగాలకు దారితీశాయి.

1984లో రోజర్ లగాడెక్, థామస్ స్టాక్‌హామ్ మరో సంగతిని బయటపెట్టారు. ఫిల్టర్ దాటనిచ్చే పరిధిలో చిన్న చిన్న అలలుంటే, అవి కాలంలో అసలు శబ్దానికి ముందూ వెనకా సన్నని ప్రతిధ్వనులుగా కనిపిస్తాయి. శబ్దానికి వెనక వచ్చే ప్రతిధ్వనిని ఆ శబ్దమే కప్పేస్తుంది. ముందు వచ్చేది ప్రకృతిలో ఎక్కడా లేనిది. ఫిల్టర్‌ను ఫ్రీక్వెన్సీ గీతలో మాత్రమే కాక కాలంలో కూడా చూడాలన్న ఆలోచన హై-ఫై లోకంలో ఇక్కడి నుంచే బలపడింది.

విడి పెట్టెలోకి

1980ల చివర్లో అమెరికాలోని వాడియా డిజిటల్, తీటా డిజిటల్ కంపెనీలు ఫిల్టర్‌ను రెడీమేడ్ చిప్ నుంచి బయటికి తెచ్చాయి. సాధారణ అవసరాలకు అమ్మే సిగ్నల్ ప్రాసెసర్ కొని, ఫిల్టర్‌ను ప్రోగ్రాముగా రాసి మెమరీ చిప్‌లో పెట్టాయి. వినియోగదారుడు మెమరీ చిప్ మార్చుకుంటే చాలు, ఫిల్టర్ మారిపోయేది. వాడియా ఫిల్టర్ కాలంలో తక్కువ ప్రకంపించేలా, అంటే శబ్దానికి ముందూ వెనకా అదనపు కంపనం తక్కువగా ఉండేలా, రూపుదిద్దుకుంది. అందుకోసం 20 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 3 డెసిబెల్స్ నష్టాన్ని తెలిసే ఒప్పుకుంది. ఫిల్టర్ ఎలా ఉండాలన్నది అప్పటి నుంచి తయారీదారుడి సొంత అభిరుచిగా, సొంత వాదంగా మారింది.

అప్‌శాంప్లింగ్ అన్న మాట హై-ఫై దుకాణాల్లో మోగింది 1990ల చివర్లో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ దగ్గర డీసీఎస్ అనే కంపెనీ స్టూడియోల కోసం 972 అనే రేటు మార్పిడి యంత్రాన్ని తయారుచేసింది. సీడీ సంకేతాన్ని దాని ద్వారా 192 కిలోహెర్ట్జ్‌కు పెంచి డాక్‌కు ఇచ్చినవారు శబ్దం మెరుగైందన్నారు. దాంతో కంపెనీ ఇళ్ల కోసం పర్సెల్ అనే నమూనా తెచ్చింది. కొద్దికాలానికే అనలాగ్ డివైసెస్, క్రిస్టల్ కంపెనీల రేటు మార్పిడి చిప్‌లు చవకగా దొరకడంతో ఎన్నో డాక్‌ల మీద అప్‌శాంప్లింగ్ ముద్ర పడింది.

గణితం దృష్టిలో ఓవర్‌శాంప్లింగ్, అప్‌శాంప్లింగ్ ఒకటే. సున్నాలు చేర్చడం, ఫిల్టర్ చేయడం రెండింటిలోనూ ఉన్నదే. డాక్ చిప్ లోపల జరిగితే మొదటి పేరు, బయట జరిగితే రెండో పేరు వాడుకలో నిలిచాయి. రెండింటిలోనూ రికార్డింగులో లేని కొత్త సమాచారమేమీ పుట్టదు. బయట ముందే బాగా ఫిల్టర్ చేస్తే, చిప్‌లోని బలహీనమైన తొలి ఫిల్టర్‌కు పని తగ్గడమో, దాన్ని పూర్తిగా దాటేయడమో జరుగుతుంది. వినిపించే తేడా ఏదైనా ఉంటే దానికి మూలం అక్కడే.

ఈ ధోరణికి ఎదురు నిలిచినవారూ ఉన్నారు. 1990ల రెండో భాగంలో జపాన్‌కు చెందిన ర్యోహీ కుసునోకి అసలు ఓవర్‌శాంప్లింగే వద్దని, ఫిల్టర్ లేని డాక్‌ను ప్రతిపాదించారు. కాలంలో ప్రకంపనలు లేకపోవడం దాని బలం. శాంపిల్‌ను అలాగే పట్టి ఉంచడం వల్ల 20 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్‌కు పైగా తగ్గిపోవడం, ప్రతిబింబాలన్నీ బయటికి రావడం దాని లోపాలు. నేటికీ ఆ పద్ధతిని ఇష్టపడేవారున్నారు.

మరోవైపు బ్రిటన్‌లో రాబ్ వాట్స్ ఫిల్టర్ పొడవునే నమ్ముకున్నారు. 2001 ప్రాంతంలో వచ్చిన కార్డ్ డాక్64లో 1,024 ట్యాప్‌ల ఫిల్టర్ ఉండేది. ట్యాప్ అంటే ఒక గుణకం. 2010ల చివర్లో వచ్చిన ఎం స్కేలర్‌లో అవి 10,15,808. అది 44.1 కిలోహెర్ట్జ్‌ను 16 రెట్లు పెంచి 705.6 కిలోహెర్ట్జ్ చేస్తుంది. ఫిలిప్స్ తొలి చిప్ ఒక్కో చానల్‌కు సెకనుకు సుమారు 42 లక్షల గుణకారాలు చేసేది. ఇంత పొడవైన ఫిల్టర్‌ను అదే తీరులో సూటిగా గుణిస్తే ఒక్కో చానల్‌కు 4,400 కోట్లకు పైగా అవుతాయి. అంటే పది వేల రెట్లకు మించిన పెరుగుదల. మూల్యం ఆలస్యం రూపంలో చెల్లించాలి. ఫిల్టర్ పొడవు దాదాపు 1.4 సెకన్లు కాబట్టి, అది రెండు వైపులా సమానంగా ఉంటే శబ్దం సుమారు 0.7 సెకను ఆలస్యంగా వస్తుంది. పాటకు అది అడ్డు కాదు. సినిమా చూసేటప్పుడు మాత్రం పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది.

కంప్యూటర్‌లోకి

కంప్యూటర్‌లో రేటు మార్పిడి చెడ్డపేరుతో మొదలైంది. 1990ల చివరి నాటి సౌండ్ కార్డులు చాలావరకు లోపల 48 కిలోహెర్ట్జ్ మీద నడిచేవి. సీడీ పాటను ఎవరూ అడగకుండానే ఆ రేటుకు మార్చేవి. 44.1 నుంచి 48కి వెళ్లాలంటే నిష్పత్తి 160కి 147. రెండు, నాలుగు వంటి సరళమైన రెట్లు కావు. ఆ లెక్కను హడావుడిగా, పొట్టి ఫిల్టర్లతో చేయడంతో వక్రత తేలిగ్గా కొలతకు చిక్కేది. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మిక్సర్‌ను తప్పించి అంకెలను యథాతథంగా డాక్‌కు చేర్చడమే ఆ రోజుల్లో కంప్యూటర్ సంగీత ప్రియుల మొదటి లక్ష్యం.

ఆ తర్వాత మంచి ఫిల్టర్లు కూడా కంప్యూటర్‌లోనే వచ్చాయి. ఎరిక్ డి కాస్ట్రో లోపో రాసిన సీక్రెట్ ర్యాబిట్ కోడ్, ఎంతో కాలంగా ఉన్న సాక్స్ ప్రోగ్రాములో రాబ్ సైక్స్ చేర్చిన రేటు మార్పిడి విభాగం ఉచితంగా దొరికాయి. ఫూబార్2000 వంటి ప్లేయర్లకు అవి జోడింపులయ్యాయి. ఫిన్లాండ్‌కు చెందిన యుస్సీ లాకో తయారుచేసిన హెచ్‌క్యూప్లేయర్ పదుల రకాల ఫిల్టర్లను జాబితాగా శ్రోత ముందు పెట్టింది. ఇంటి ప్రాసెసర్ ఇంత పొడవైన ఫిల్టర్లను మోయగలగడానికి కారణం పాత గణితమే. కూలీ, ట్యూకీ 1965లో వేగవంతమైన ఫూరియర్ పద్ధతిని ప్రకటించారు. మరుసటి ఏడాదే స్టాక్‌హామ్ దాంతో పొడవైన ఫిల్టర్ల లెక్కను ఎలా కుదించవచ్చో చూపించాడు. లగాడెక్‌తో కలిసి ప్రతిధ్వనుల సంగతి చెప్పిన స్టాక్‌హామ్ ఈయనే. 1970లలో సౌండ్‌స్ట్రీమ్ కంపెనీ స్థాపించి అమెరికాలో డిజిటల్ రికార్డింగుకు బాటవేసింది కూడా ఈయనే.

సాక్స్‌లో రేటు పెంచేవారికి మూడు నిర్ణయాలు ఎదురవుతాయి. మొదటిది వెడల్పు: ఎంత ఫ్రీక్వెన్సీ దాకా చెక్కుచెదరకుండా ఉంచాలి? సగం రేటుకు బాగా దగ్గరగా కోస్తే పై స్వరాలన్నీ నిలుస్తాయి, కానీ ప్రకంపన ఎక్కువసేపు సాగుతుంది. ముందు నుంచే మెల్లగా తగ్గిస్తూ వస్తే ప్రకంపన తగ్గుతుంది, పై అంచు కాస్త మసకబారుతుంది. రెండోది ఫేజ్: లీనియర్ ఫేజ్‌లో ఫ్రీక్వెన్సీలన్నీ ఒకే ఆలస్యంతో వస్తాయి, ప్రకంపన శబ్దానికి ముందూ వెనకా సమానంగా ఉంటుంది. మినిమమ్ ఫేజ్‌లో అది మొత్తం వెనక్కి చేరుతుంది, కానీ పై ఫ్రీక్వెన్సీల ఆలస్యం మారుతుంది. పీటర్ క్రేవెన్ 2004లో ప్రచురించిన పత్రం ఈ చర్చకు ఊపిరి పోసింది. రికార్డింగు సమయంలో పడిన ఫిల్టర్ ప్రకంపనను కూడా ప్లేబ్యాక్‌లోని మెల్లని ఫిల్టర్ తుడవగలదని ఆయన చూపించారు. మెరిడియన్ కంపెనీ ఆ ఆలోచనను తన ప్లేయర్లలో వాడింది.

మూడో నిర్ణయం శబ్ద స్థాయి. చాలామంది మరిచిపోయేది దీన్నే. 44.1 కిలోహెర్ట్జ్‌లో నాలుగో వంతు, అంటే 11.025 కిలోహెర్ట్జ్ సైన్ తరంగాన్ని తీసుకుని, శాంపిళ్లు దాని శిఖరాలకు 45 డిగ్రీల పక్కన పడేలా అమర్చితే, ప్రతి శాంపిల్ విలువా శిఖరంలో 0.707 మాత్రమే. ఆ శాంపిళ్లను గరిష్ఠ స్థాయికి పెంచితే అంకెల్లో ఎక్కడా హద్దు దాటినట్టు కనిపించదు. అప్‌శాంప్లింగ్ శాంపిళ్ల నడుమ నిజమైన శిఖరాన్ని లెక్కగట్టగానే అది హద్దు కంటే 3 డెసిబెల్స్ పైకి పోతుంది. అక్కడ చోటు లేకపోతే తరంగం నెత్తి తెగిపోతుంది. హోరెత్తేలా మాస్టరింగ్ చేసిన నేటి పాటల్లో ఇలాంటి శిఖరాలు మామూలే. అందుకే అప్‌శాంప్లింగ్‌కు ముందు 3 డెసిబెల్స్ దాకా తగ్గించుకోవడం మంచి అలవాటు. ప్రసార సంస్థలు శబ్ద స్థాయిని కొలిచే ఐటీయూ ప్రమాణం కూడా నిజ శిఖరం కనుక్కోవడానికి నాలుగు రెట్ల ఓవర్‌శాంప్లింగ్‌నే సూచిస్తుంది.

కంప్యూటర్ లెక్కగట్టినదాన్ని డాక్‌కు చేర్చే దారి మెల్లగా వెడల్పయింది. తొలి తరం యూఎస్‌బీ ఆడియో 96 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోయేది. రెండో తరం ప్రమాణంతో 384, 768 కిలోహెర్ట్జ్‌లు కూడా సాధ్యమయ్యాయి. విండోస్‌లో దానికి సొంత డ్రైవర్ 2017లో వచ్చింది. అసింక్రనస్ పద్ధతిలో గడియారం డాక్‌లోనే ఉండడంతో కంప్యూటర్ సమయపు తడబాటు శబ్దం మీద పడడం తగ్గింది. కొందరు మరో అడుగు వేసి, సంగీతాన్ని కంప్యూటర్‌లోనే 11.2896 లేదా 22.5792 మెగాహెర్ట్జ్ ఒక్క బిట్ ప్రవాహంగా మార్చి పంపుతారు. అలాంటి ప్రవాహాన్ని నేరుగా తీసుకునే డాక్‌లలో చిప్ సొంత ఫిల్టర్, అంకెలను కొద్ది బిట్లకు మార్చే మాడ్యులేటర్ రెండూ పక్కకు తప్పుకుంటాయి. డాక్‌కు మిగిలేది ఒక మెత్తని అనలాగ్ ఫిల్టర్, ఒక గడియారం.

మెరుగు ఎంత?

ఈ మార్పుల్లో కొన్నింటిని కొలతలతో నిరూపించవచ్చు. 1982 నాటి అనలాగ్ గోడతో పోలిస్తే ఫిలిప్స్ ఫిల్టర్‌లో ఫేజ్ దోషం బాగా తగ్గింది. పొట్టి హాఫ్‌బ్యాండ్ ఫిల్టర్ వదిలేసిన ప్రతిబింబాలను కంప్యూటర్‌లోని పొడవైన ఫిల్టర్ తుడిచేయడం కూడా స్పెక్ట్రమ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. చెవి దగ్గరికి వచ్చేసరికి తేడా చిన్నదవుతుంది. 2007లో మేయర్, మోరన్ ప్రచురించిన అంధ పరీక్షల్లో ఎక్కువ రేటు డిస్కులను సీడీ స్థాయికి దించినప్పుడు 554 సార్లలో 276 సార్లే శ్రోతలు సరిగ్గా గుర్తుపట్టారు. అది నాణెం ఎగరేసినట్టే. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రైస్ 18 పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే 52.3 శాతం వచ్చింది. తేడా ఉంది, కానీ స్వల్పం. శిక్షణ పొందినవారిలో కాస్త ఎక్కువ. ఇవి రేటు మీద జరిగిన పరీక్షలే అయినా, ఫిల్టర్ల తేడా ఏ పరిమాణంలో ఉండవచ్చో వీటిని బట్టి ఊహించవచ్చు.

కాబట్టి కంప్యూటర్ అప్‌శాంప్లింగ్ ఎక్కడ ఎక్కువ ఉపయోగమో ఈ చరిత్రే చెబుతుంది. పాత డాక్, చవక డాక్, బలహీనమైన ఫిల్టర్ ఉన్న డాక్‌లకు దాని వల్ల నిజమైన మేలుంది. మంచి ఫిల్టర్ ఉన్న కొత్త డాక్‌కు అది అభిరుచి మేరకు ఎంచుకునే సౌకర్యం. రికార్డింగులో పడిన లోపాన్ని, మాస్టరింగ్‌లో తెగిన శిఖరాన్ని ఏ ఫిల్టరూ పూర్తిగా బాగుచేయలేదు. 1982లో కర్మాగారంలో ఒక్కసారే తీసుకున్న నిర్ణయం నేడు శ్రోత చేతికి వచ్చింది. వెడల్పు, ఫేజ్, స్థాయి అన్న మూడింటినీ అర్థం చేసుకుని ఎంచుకున్నవారికి ఆ స్వేచ్ఛ ఖర్చు లేకుండానే దక్కుతుంది.